యాడికిలో ముగ్గుపిండితో గీసిన వంటిల్లు

మా ఇంట్లో పొయ్యి ఆరిపోయి ఐదు నెలలయ్యాక నేను యాడికి ప్రయాణం ఖాయం చేశాను. దాని వెనక సంగతి ముందే చెప్పాలి. లేకపోతే ఒక రాతి పలక కొనడానికి ఇద్దరు పెద్దవాళ్లు హైదరాబాద్ నుంచి రైలెక్కి అంత దూరం పోవడమేమిటని మీకు నవ్వొస్తుంది. నా భార్య సరళకు రెటీనా జబ్బు. చూపు నడిమధ్యలో మసకబారిపోయింది, అంచుల్లో మాత్రం కొంత మిగిలింది. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కనబడదు కానీ పక్కనుంచి పోయే పిల్లి కనబడుతుంది. ఇంతకన్నా మెరుగుపడదని డాక్టరు చాలా మర్యాదగా చెప్పాడు. ఫాల్గుణంలో ఒకరోజు పోపు గిన్నెను పొయ్యి మీద పెట్టాననుకుని అంచున పెట్టింది. నూనె ఒలికి పాదం కాలింది. పుండు పదిహేను రోజుల్లో మానింది కానీ సరళ మళ్లీ వంటింటి గడప తొక్కలేదు. అప్పటినుంచి సందు చివరి కర్రీ పాయింటు మమ్మల్ని పోషిస్తూ వచ్చింది. ముప్ఫై రెండేళ్లు ఆ వంటింటిని ఏలిన మనిషి హాల్లో చుట్టపుచూపుగా వచ్చినదానిలా కూర్చుని "ఇవాళ ఏం కూర తెచ్చారు?" అని అడుగుతుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

నేను ఉద్యోగమంతా ఇళ్ల ప్లాన్లు గీసినవాణ్ణి. ఎంతటి కష్టానికైనా సరైన ప్లాన్ ఒకటి గీస్తే సగం తీరినట్టేనని నా నమ్మకం. జపాన్ జెన్ మఠాల వంటిళ్ల గురించి ఫోన్లో చదవడం మొదలుపెట్టి వారం తిరక్కుండానే నాకు ఆ పిచ్చి పట్టింది. అక్కరలేనిది ఉండకూడదు, చేసే పని మీదే మనసుండాలి, ఖాళీ చోటు మనిషిని శాంతపరుస్తుంది. ఇదే కదా సరళకు కావలసింది అనుకున్నాను. వస్తువులు తక్కువైతే తడబాటు తక్కువ, తడబాటు తక్కువైతే భయం తక్కువ. రాత్రింబవళ్లు కూర్చుని గీశాను. పిడులు లేని తెల్లటి తలుపులు, అన్నీ ఒకే కొలత. గిన్నెలన్నీ లోపల. పైన అద్దంలా మెరిసే నల్లరాతి గట్టు, దాని మీద ఏమీ లేదు. ఎనభై చిల్లర సామాన్లలో పన్నెండు మిగిలిస్తే చాలని లెక్కతేల్చాను. సరళకు వివరంగా చదివి వినిపిస్తే "పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట" అని నవ్వి, చివరికి "మీ ఇష్టం" అంది. పెళ్లయిన మగవాళ్లకు ఆ మాట అర్థమేమిటో నేను చెప్పక్కర్లేదు. ఒక్క షరతు మాత్రం పెట్టింది: రాయిని తను ముట్టుకుని చూశాకే కొనాలి.

అదీ మా ప్రయాణానికి కారణం. తాడిపత్రి, యాడికి వైపు నల్లరాయి షెడ్డు దగ్గరే కొంటే చవక, మనకు కావలసిన కొలతకు కళ్లముందే కోసిస్తారు. కాచిగూడలో రాత్రి రైలెక్కితే తెల్లవారకముందే గుత్తి జంక్షన్లో దించుతుంది. థర్డ్ ఏసీలో ఇద్దరికీ కలిపి పదిహేను వందల లోపే అయింది. స్టేషన్ ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది కాబట్టి వెలుతురు వచ్చేదాకా వెయిటింగ్ హాల్లో కూర్చోవడం మంచిది. మేం బయటికి వచ్చేసరికి కొండ మీద కోట గోడలు బూడిదరంగులో ఉండి, చూస్తుండగానే ఎర్రబడ్డాయి. స్టేషన్ బయట బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. బొరుగుల మీద నిమ్మకాయ పిండుకుని తింటూ సరళ "ఐదు నెలల్లో వేడిగా తిన్నది ఇదే" అంది. కర్రీ పాయింటు నుంచి నేను మోసుకొచ్చే కూరలు ఇంటికి చేరేసరికి చల్లారిపోతాయన్న సంగతి ఆమె ఒక్కసారీ ఎత్తలేదు.

ఆటో బాషాది. యాడికి దాటి షెడ్ల దాకా తీసుకెళ్లి, సాయంత్రం దాకా ఉండి, మళ్లీ గుత్తిలో దించడానికి పద్దెనిమిది వందలకు ఒప్పుకున్నాడు. ముందు కోట చూపిస్తానని బండి అటు తిప్పబోయి, మేం వచ్చిన పని విని ఆపేశాడు.

"వంటింటికి రాయా? దానికింత దూరం వచ్చినారా సార్! మా ఇంట్లో సిమెంటు దిమ్మె ఉండాది. దాని మీద నా పెళ్లాం ఏం తక్కువ వండతాండాదా?"

"నీ పెళ్లాం వంటకు వంక పెట్టానా?" అన్నాను.

"పెట్టలే. పెట్టేది నేను. పెట్టిన దినం నాకు కూడు ఉండదు" అన్నాడు. సరళ పకపకా నవ్వింది.

గుత్తి నుంచి అక్కడికి గంటన్నర పట్టింది. శ్రావణం సగమైనా వాన లేదు. ఎర్రనేల కాస్తా దాటాక నల్లరేగడి మొదలైంది, అదీ నెర్రెలిచ్చి ఉంది. చెనక్కాయ మొక్కలు జానెడు కూడా లేవక వడలిపోయాయి. అయినా ఆ నేల మీద పొద్దుటి వెలుతురు పరుచుకుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. అడ్డం వచ్చేది ఏదీ లేదు, చూపు ఎంతదూరం పోతే అంతదూరం పోనిస్తుంది. రైలు నిద్ర ఇంకా వదలక ఆటో కుదుపుల్లో నేను తూగుతుంటే సరళ నా చెయ్యి తట్టింది.

"ఎడమ పక్కన ఎవరో పొడుగాటి మనుషులు నిలబడి, నిదానంగా చేతులు తిప్పుతున్నారండీ."

కొండల మీద గాలిమరలు. ఆ మాటే చెప్పాను. "అవునా, మనుషులే బాగున్నారు" అని ఆమె మళ్లీ అటే పక్కచూపు చూస్తూ కూర్చుంది. తర్వాత నాక్కూడా కాసేపు మనుషుల్లాగే కనిపించారు.

మేం ముందే ఫోన్లో మాట్లాడుకున్న షెడ్డు ఓబులేసుది. యాభై ఏళ్లుంటాయి, తల నుంచి కాళ్లదాకా రాతిపొడి. ఆ పొడి షెడ్డు మీదా, తుమ్మచెట్ల మీదా, నిలబెట్టిన సైకిలు మీదా పడి లోకమంతా లేత బూడిదరంగులో ఉంది. రంపం కోస్తుంటే నీళ్లు ధారగా పడుతున్నాయి. ఆ నీళ్లే గుంటలోకి చేరి, తేరుకుని, మళ్లీ రంపం మీదికి వస్తాయి. ఈ సీమలో చుక్క నీరు ఊరికే పోనివ్వరు. ఓబులేసు పలకలు వరసగా ఆనించి, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ఒక్కోదాన్నీ కొట్టి చూపించాడు. రాయి గట్టిదైతే కంగుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. సరళ ఆ బిళ్ల అడిగి తీసుకుని తనూ వరసగా కొట్టుకుంటూ పోయి, నాలుగో దాని దగ్గర ఆగింది.

"ఇది బాగాలేదు" అంది.

నాకు అన్నీ ఒకేలా వినిపించాయి. ఓబులేసు దాని మీద చెంబెడు నీళ్లు పోసి గుడ్డతో తుడిచాడు. పలకంతా ఆరిపోయింది కానీ మధ్యలో వెంట్రుకంత గీత మాత్రం తడిగానే నిలిచింది. "అక్క చెవులు శానా మంచివి సార్. నా దగ్గర పన్లోకి పంపిస్తారా?" అన్నాడు. ఆ మాటకు సరళ ముఖంలో వచ్చిన వెలుగు నేను చాలా రోజులకు చూశాను.

అది చూసి ఊరుకుంటే బాగుండేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా, నేను నా ప్లాను చుట్ట విప్పి అద్దం పాలిష్ పలక చూపించమన్నాను. నిజంగా అద్దమే. అందులో పైకప్పు రేకులు, వాటి సందుల్లో ఆకాశం, నా బట్టతల అన్నీ కనిపించాయి. సరళ దాని మీదికి వంగి, చటుక్కున ముఖం తిప్పుకుంది. "కళ్లలో గుచ్చుతోంది. దీని మీద గ్లాసెక్కడుందో, గ్లాసు నీడెక్కడుందో నాకెలా తెలుస్తుంది?" అంది. అలవాటవుతుందన్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి రంపం ఆగింది. రెండున్నరకు గానీ రాదని ఓబులేసు చెప్పి, షెడ్డు వెనకే ఉన్న తన ఇంటికి భోజనానికి రమ్మన్నాడు.

ఓబులేసు భార్య సుంకమ్మ. మమ్మల్ని చూడగానే "రాండి, రాండి, ఎండన పడి వచ్చినారు" అంటూ చాప వేసింది. నా కళ్లు మాత్రం ఆమె వంటింటి మీదున్నాయి. చిన్న చీకటిగది, నాపరాతి నేల, మూలన కట్టెల పొయ్యి, పక్కన గ్యాసు. గోడ పొడుగునా అరల్లాగా ఒకదాని పైన ఒకటి నాలుగు రాతి బల్లలు, వాటి నిండా ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు, చెంబులు, టిఫిన్ డబ్బాలు. అరవైదాకా లెక్కపెట్టి వదిలేశాను. రోజూ వాడేవి మూడో నాలుగో ఉంటాయి, మిగతావన్నీ పెళ్లిళ్లకూ పేరంటాలకూ. జెన్‌కు ఆమడ దూరం. నోరు ఊరుకోక, నా వంటింటి ఆలోచన సుంకమ్మకు చెప్పాను. సామాన్లు కనబడకుండా, అంతా ఖాళీగా ఉంటే మనసుకు శాంతి అని.

ఆమె రాగిపిండి జల్లిస్తూ విని, "ఖాళీగా ఉంటే శాంతా?" అంది. "మా చేను ఖాళీగానే ఉండాది ఈ ఏడు. ఆడ నిలబడి సూడన్నా, ఏం శాంతి వస్తాదో."

నేను వెళ్లి చాప మీద కూర్చున్నాను.

సుంకమ్మకు సరళ చూపు సంగతి తెలియదు. అందుకే మామూలుగా "అక్కా, ఆ పైవరసలో నా పెండ్లికి మా సిన్నాయన పెట్టిన చెంబు ఉండాది, అందియ్యి" అంది. నేను గబుక్కున లేవబోయాను. సరళ అప్పటికే బల్లల దగ్గరకు చేరింది. గిన్నెల మీద వేళ్లు ఒక్కొక్కటే ఆనించుకుంటూ నడిచి, ఒక చెంబు దగ్గర ఆగి, మెడ కింద బొటనవేలితో నిమిరింది. పేరు కొట్టించిన చుక్కలు. "నా... గ... న్న" అని చదివింది.

"అదే!" అంది సుంకమ్మ. "నాగన్నే మా సిన్నాయన."

సరళ చెంబును గుండెకు ఆనించుకుని నిలబడిపోయింది. అప్పుడు చెప్పాను, ఆమెకు సరిగా కనబడదని. సుంకమ్మ అయ్యో పాపం అనలేదు. "నాకూ సదువు రాదు. ఏ గిన్నె ఎవురిదో నేనూ ఏలు పెట్టే సెప్తా. ఎవురు పెట్టిండేది ఎవురికి తిరిగి పెట్టల్ల అనేది తెలీకుంటే సంసారం యాడ సాగుతాది?" అంది. వరస తప్పితే తనకు కోపమని, మొగుణ్ణి సైతం ఈ బల్లల మీద చెయ్యి వేయనివ్వనని కూడా చెప్పింది.

తర్వాత జరిగింది నేను ఆపడానికి చూశాను, ఒప్పుకుంటున్నాను. ఎసరులో నూకలు ఉడికి, రాగిపిండి గుట్టగా పోసి, సంగటి గెలికే వేళయింది. సరళ "నేను గెలుకుతాను" అంది. ఒలికిన నూనె, ఆ కేక, సైకిలు పంపులా ఆడిన నా ఊపిరి అన్నీ కళ్లముందుకు వచ్చాయి. "వద్దు సరళా, పొయ్యి!" అని చెయ్యి పట్టుకున్నాను.

"ఏమప్పా, గమ్మునుండు!" అని సుంకమ్మ కసిరింది. "వండిన సెయ్యి అది. నీకేం తెలుసు?"

సరళ నా చెయ్యి విడిపించుకుంది. కోపంగా కాదు, అదే ఎక్కువ బాధగా అనిపించింది. "ఇంటి దగ్గర మీరు గీసింది మీరు చూసుకోవడానికండీ. అన్నీ తెల్లగా, నున్నగా, ఒకేలా. ఏ తలుపు వెనక ఏముందో నా వేలికి ఏం చెబుతుంది? అందులో నేను చెయ్యి ఎక్కడ పెట్టుకోను?" అంది. అంత మందిలో ఆ మాట విని నాకు తలెత్తాలనిపించలేదు. రాత్రింబవళ్లు ఆమె కోసమే గీశాననుకున్నాను. నిజానికి ఆమె కాలు కాలిన చోటు నా కళ్లకు కనబడకుండా చేసుకోవాలని గీశాను.

సుంకమ్మ గుడ్డతో గిన్నె కదలకుండా పట్టుకుంది. సరళ రెండు చేతులతో కట్టె పట్టి గెలికింది. కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకు వంచి, పిండి బరువెక్కే చప్పుడు వింటూ. పొయ్యి వేడి ఎటునుంచి వస్తోందో ఒంటికి తెలుస్తోంది కాబట్టి ఒక్కసారి కూడా తడబడలేదు. సంగటి మాత్రం ఉండలు కట్టింది. మొదటిసారి గెలికితే ఎవరికైనా అంతేనట. ఊరిమిండి అని వాళ్లనే చెనక్కాయల పచ్చడి, చింతాకు పప్పు వేసుకుని ఆ ఉండల సంగటే అందరం తిన్నాం. పచ్చిపిండి నా నాలుకకు తగులుతూనే ఉంది. నేను రెండో ముద్ద అడిగాను. బాషా మాత్రం "అక్కా, మా ఇంట్లో ఇట్ల చేసింటే నేను నోరు తెరిచి వంక పెట్టింటా" అన్నాడు. "తెరువు, ఇంకో ముద్ద పెడతా" అంది సరళ.

భోజనాలయ్యాక కరెంటు ఇంకా రాలేదు. నేను ప్లాను కాగితం మడిచి బాషా ఆటో సీటు కింద తోసేశాను. వాకిట్లో సుంకమ్మను ముగ్గుపిండి అడిగి తీసుకుని మా వంటిల్లు అసలు కొలతలతో నేల మీద గీయడం మొదలుపెట్టాను. టేపు పక్కన పెట్టి సరళ జేనలతో, అడుగులతో కొలిచాం. ఆమె చెయ్యి ఎంత దూరం చాస్తే అంతే బల్ల లోతు. పొయ్యి ఇక్కడ, నీళ్లు అక్కడ, మధ్యలో రెండడుగులు. తలుపులు లేవు, అన్నీ చేతికి అందే బల్లలే. తెల్లటి అన్నం, తెల్లటి కప్పు నల్లరాతి మీద ఆమె పక్కచూపుకు ఆనుతాయి కాబట్టి రాయి నల్లదే, కానీ మెరుపు వద్దు. పాలిష్ సగంలో ఆపేస్తే చాలన్నాడు ఓబులేసు. పొయ్యికి ముందు నాలుగు వేళ్ల వెడల్పున అసలు పాలిషే లేకుండా గరుకుగా వదలమంది సరళ. వేలికి గరుకు తగిలితే ఇక అవతల మంట అని. ఇంతకన్నా మంచి మాట నేను చదివినవాటిలో ఎక్కడా లేదు.

గీయడం పూర్తయ్యాక సరళ గుమ్మంలోంచి లోపలికి వెళ్లింది. గోడలు లేవు, కప్పు లేదు, చుట్టూ మైళ్ల కొద్దీ బీడు, పైన తెల్లని ఎండ, దూరంగా ఆ పొడుగాటి మనుషులు చేతులు తిప్పుతున్నారు. ఆమె కళ్లు మూసుకుని లేని బల్ల మీంచి లేని డబ్బా తీసి, మూత తిప్పి, వాసన చూసి, పెట్టిన చోటే పెట్టింది. రెండడుగులు నడిచి కుళాయి తిప్పింది. వంగి గరుకు అంచును వెతికి, ఆగి, పొయ్యి వెలిగించింది. షెడ్డులో పనివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. నాకు కళ్లు నిండిపోయి, ఏమీ ఆలోచించకుండా ఆమె దగ్గరకు నడిచాను.

"గోడలోంచి వస్తున్నారేంటండీ?" అంది, కళ్లు తెరవకుండానే. "గుమ్మం అటు."

వెనక్కి వెళ్లి, చెప్పులు విప్పి, గుమ్మంలోంచి లోపలికి వచ్చాను. "కాఫీ పెడుతున్నాను. కూర్చోండి" అంది. ఆ ఎండలో, ముగ్గు మీద, నేను కూర్చున్నాను.

కరెంటు మూడింటికి వచ్చింది. పలకలు కోతకు ఇచ్చి, చదరపు అడుగు అరవై లెక్కన మాట్లాడుకుని, లారీలో పంపమని చెప్పి సాయంత్రానికి గుత్తి చేరాం. ఇప్పుడు మా వంటింట్లో తలుపుల్లేని బల్లలు నాలుగున్నాయి. గిన్నెలు ఎన్ని ఉంచాలో సరళే తేల్చింది, నలభై ఒకటి. డాక్టరు మాట మారలేదు, ఆ అంచుల్లోని చూపు ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు. పోయిన వారం ఉప్మాలో ఉప్పు రెండుసార్లు పడింది. అయినా పొద్దున్నే ఆమె వేళ్లు ఆ గరుకు అంచును తాకి ఆగే క్షణం నేను హాల్లోంచి చూస్తాను. మఠాల్లో సాధువులు వెతికే నెమ్మది అదేనేమో నాకు తెలియదు, మా ఇంట్లో మాత్రం అది ఉంది. ఆ బల్లల మీద ఏదీ కదపకూడదన్నదే నా మీదున్న ఒకే ఒక్క ఆంక్ష.

మీరూ వంటింటి రాయి కోసం అటు వెళుతుంటే ఒక్క సలహా. పలక కోయించే ముందు ఒక గంట ఆగి, అక్కడే వాకిట్లో వంటిల్లంతా ముగ్గుపిండితో అసలు కొలతకు గీసి, వండే మనిషిని అందులో నడవమనండి. రాయి ఒకసారి కోస్తే అతకదు, ముగ్గు ఎన్నిసార్లైనా చెరిపి గీయవచ్చు. ఆమె లోపల ఉన్నంతసేపూ మీరు నోరు మూసుకుని బయట నిలబడండి, పిలిస్తేనే వెళ్లండి.